అలవాటు పడని ముక్కు: అమ్మోనియాను పసిగట్టే కార్బన్ నానోట్యూబులు

కొత్త ఊరికి బదిలీ అయి వచ్చిన మొదటి రోజు గుర్తుందా? లారీలోంచి సామాను ఇంకా దిగదు, ఊరి వాసన మాత్రం ముక్కుకు తగులుతుంది. ఒకచోట చక్కెర మిల్లు వాసన, ఒకచోట చేపల రేవు వాసన, ఇంకోచోట ఎరువుల ఫ్యాక్టరీ వాసన. పక్క క్వార్టర్‌ పిల్లల్ని "ఇదేం వాసన?" అని అడిగితే, "ఏ వాసన?" అని వాళ్లు మనల్నే అడుగుతారు. కొన్నాళ్లు గడిచాక మనకూ ఆ వాసన తెలియదు. తర్వాత వచ్చిన కొత్త పిల్లలు అడిగితే మనమూ అదే జవాబు చెబుతాం.

మూడు నాలుగేళ్లకోసారి ఊరు మారే మనందరికీ ఇది అనుభవమే. గాలిలోంచి వాసన ఎక్కడికీ పోలేదు. మన ముక్కే దాన్ని పట్టించుకోవడం మానేసింది. చక్కెర మిల్లు వాసన అయితే దీనివల్ల నష్టమేమీ లేదు. కానీ గాలిలో ఉన్నది అమ్మోనియా అయితే? దాని మధ్యనే రోజూ పనిచేసే మనిషి ముక్కు దాన్ని మరచిపోతే?

ఈ పాఠంలో అలవాటు పడని ఒక ముక్కు గురించి తెలుసుకుందాం. అది వెంట్రుక కన్నా కొన్ని వేల రెట్లు సన్నని కార్బన్ గొట్టాలతోనూ, వాటికి తొడిగిన పాలిమర్‌తోనూ తయారవుతుంది.

అమ్మోనియా ఎక్కడ ఉంటుంది?

ఒక నైట్రోజన్ పరమాణువు, మూడు హైడ్రోజన్ పరమాణువులు కలిస్తే ఒక అమ్మోనియా అణువు. రంగు లేదు, ఘాటైన వాసన ఉంది. నీటిలో చాలా బాగా కరుగుతుంది.

యూరియా తయారు కావాలంటే ముందు అమ్మోనియా తయారు కావాలి. పంజాబులోని నంగల్, ఉత్తరప్రదేశ్‌లోని ఫూల్‌పూర్, తెలంగాణలోని రామగుండం యూరియా కర్మాగారాలకు పేరుపొందిన ఊళ్లు. మనలో కొందరు అలాంటి టౌన్‌షిప్పుల్లోనే పెరిగి ఉంటారు.

ఎరువుల తర్వాత చెప్పుకోవలసింది చల్లదనం. ద్రవ అమ్మోనియా మైనస్ 33 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది. మరిగేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది. అందుకే ఉత్తరప్రదేశ్, పశ్చిమ బెంగాల్‌లలో బంగాళాదుంపలు దాచే కోల్డ్ స్టోరేజీలలోనూ, ఆంధ్ర కోస్తాలో రొయ్యలను శుద్ధిచేసి గడ్డకట్టించే ప్లాంట్లలోనూ, ఐసు ఫ్యాక్టరీలలోనూ అమ్మోనియాను పైపుల్లో తిప్పుతారు. ఆ పైపులో ఎక్కడో ఒక జాయింటు వదులైతే వాయువు బయటికి వస్తుంది.

ఎంత ఉంటే ప్రమాదం?

వాయువులను పిపిఎంలలో కొలుస్తారు. అంటే పది లక్షల భాగాల గాలిలో ఎన్ని భాగాలు అని. ఇంటి మీద ఉండే వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకును ఊహించుకోండి. అందులో నీళ్లు లేవు, ఉన్నదంతా గాలే. ఆ గాలిలో ఒక మిల్లీలీటరు అమ్మోనియా వాయువు కలిస్తే అది 1 పిపిఎం.

పనిచేసే చోట 8 గంటల సగటు 25 పిపిఎం మించకూడదని, 15 నిమిషాల పాటు కూడా 35 పిపిఎం దాటకూడదని పారిశ్రామిక ఆరోగ్య నిపుణులు సూచిస్తారు. 300 పిపిఎం అంటే తక్షణ ప్రాణాపాయం కిందే లెక్క. అమ్మోనియా నీటిలో కరుగుతుంది కాబట్టి మన శరీరంలో తడి ఉన్న చోటల్లా, అంటే కళ్లు, గొంతు, ఊపిరితిత్తులలో, ముందుగా దెబ్బ తీస్తుంది.

ఊరి గాలికి లెక్క వేరే. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రకటించిన ప్రమాణాల ప్రకారం 24 గంటల సగటున ఒక ఘనమీటరు గాలిలో 400 మైక్రోగ్రాములకు మించి అమ్మోనియా ఉండకూడదు. పిపిఎంలలోకి మారిస్తే ఇది సుమారు 0.6 మాత్రమే. కాబట్టి ఫ్యాక్టరీలో వందల పిపిఎంను పసిగట్టే పరికరం కావాలి, ఊరి గాలిలో ఒక పిపిఎం కన్నా తక్కువను కొలిచే పరికరమూ కావాలి.

ముక్కు ఎందుకు చాలదు?

అమ్మోనియా ఒక్కసారిగా ఎక్కువగా వస్తే ఎవరికైనా తెలుస్తుంది. కళ్లు మండుతాయి, దగ్గు వస్తుంది. చిక్కంతా కొద్దికొద్దిగా పెరిగే లీకుతోనే. అదే గదిలో ఉన్నవారి ముక్కు దానికి అలవాటు పడిపోతుంది. నిన్నటి కన్నా ఇవాళ ఎక్కువగా ఉందా, ఎంత ఎక్కువగా ఉంది అన్నది ముక్కు అంకెలలో చెప్పలేదు. అర్ధరాత్రి యంత్రాల గదిలో మనిషే లేకపోతే చెప్పడానికి ముక్కే లేదు.

అందుకే సెన్సార్లు వాడతారు. ఎంతో కాలంగా వాడుకలో ఉన్న ఒక రకంలో టిన్ ఆక్సైడ్ వంటి లోహ ఆక్సైడ్‌ను సాధారణంగా 200 నుంచి 400 డిగ్రీల దాకా వేడిచేసి ఉంచాలి. దానికి కరెంటు ఖర్చవుతుంది. చిన్న బ్యాటరీతో నెలల తరబడి నడవాలంటే గది ఉష్ణోగ్రత దగ్గరే పనిచేసే పదార్థం కావాలి. ఆ వెతుకులాటలో దొరికిన వాటిలో ఒకటి కార్బన్ నానోట్యూబు.

కార్బన్ నానోట్యూబు అంటే?

పెన్సిల్ ములుకులోని గ్రాఫైట్‌లో కార్బన్ పరమాణువులు తేనెపట్టు గదుల్లా ఆరు మూలల వలలుగా అల్లుకుని, పొర మీద పొరగా ఉంటాయి. అందులోంచి ఒక్క పొరను తీసి చాపలా చుట్టామనుకోండి. అలా వచ్చే గొట్టమే ఒంటిపొర కార్బన్ నానోట్యూబు. దాని అడ్డుకొలత సుమారు ఒక నానోమీటరు. మన వెంట్రుక మందం దాదాపు 80 వేల నానోమీటర్లు ఉంటుంది. పొరలు ఒకదాని లోపల ఒకటి ఉంటే అది బహుపొర నానోట్యూబు.

1991లో జపాన్ శాస్త్రవేత్త సుమియో ఇజిమా ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో బహుపొర గొట్టాలను చూసి రాసిన వ్యాసం ప్రపంచమంతటి దృష్టిని వీటి వైపు తిప్పింది. 1993లో ఒంటిపొర గొట్టాలూ వెలుగులోకి వచ్చాయి.

సెన్సార్‌కు ఇది ఎందుకు పనికొస్తుంది? ఒంటిపొర గొట్టంలో ప్రతి పరమాణువూ ఉపరితలం మీదే ఉంటుంది. లోపల దాక్కున్న పరమాణువు ఒక్కటీ లేదు. కాబట్టి గాలిలోని ఏ అణువు వచ్చి తాకినా దాని ప్రభావం గొట్టంలో పారే కరెంటు మీద పడుతుంది.

గొట్టం అమ్మోనియాను ఎలా పసిగడుతుంది?

కొన్ని నానోట్యూబులు లోహాల్లా, కొన్ని అర్ధవాహకాల్లా ప్రవర్తిస్తాయి. గాలిలో ఉన్న అర్ధవాహక గొట్టం ఆక్సిజన్ ప్రభావంతో కొన్ని ఎలక్ట్రాన్లను కోల్పోయి పి-రకంగా మారుతుంది. ఎలక్ట్రాన్ పోయిన ఖాళీని 'హోల్' అంటారు.

సినిమా హాలులో ఒక వరస కుర్చీలను తలచుకోండి. అన్నీ నిండి ఉంటే ఎవరూ పక్కకు జరగలేరు. ఒక్క కుర్చీ ఖాళీ అయితే పక్కవారు అందులోకి జరుగుతారు, వారి కుర్చీలోకి ఇంకొకరు జరుగుతారు. ఖాళీలు ఎన్ని ఎక్కువ ఉంటే కదలిక అంత తేలిక. పి-రకం అర్ధవాహకంలో కరెంటు పారేది ఇలాగే.

ఇప్పుడు అమ్మోనియా వచ్చింది. నైట్రోజన్ బయటి కక్ష్యలో 5 ఎలక్ట్రాన్లు ఉంటాయి. వాటిలో 3 హైడ్రోజన్లతో బంధాలకు పోగా, 2 ఎలక్ట్రాన్లు ఒంటరి జంటగా మిగులుతాయి. అమ్మోనియా ఈ జంట నుంచి కొంత ఎలక్ట్రాన్ ఆవేశాన్ని గొట్టానికి ఇస్తుంది. ఖాళీ కుర్చీలో కొత్త మనిషి వచ్చి కూర్చున్నట్టే. హోల్స్ తగ్గుతాయి, కరెంటు తగ్గుతుంది, నిరోధం పెరుగుతుంది. ఆ పెరుగుదలే మనకు కబురు.

2000లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జింగ్ కాంగ్, హాంగ్‌జీ దాయ్, వారి సహచరులు ఒక్క నానోట్యూబుతోనే దీన్ని చేసి చూపారు. గాలిలో ఒక శాతం అమ్మోనియా తగలగానే గొట్టం వాహకత సుమారు 100 రెట్లు పడిపోయింది. నైట్రోజన్ డయాక్సైడ్ తగిలితే ఇందుకు సరిగ్గా ఎదురుగా వాహకత పెరిగింది. ఇదంతా గది ఉష్ణోగ్రత దగ్గరే జరిగింది.

ఒట్టి గొట్టంతో చిక్కులు

మంచి సెన్సార్‌కు మూడు పనులు రావాలి. పట్టుకోవాలి, పోల్చుకోవాలి, వదలాలి. ఒట్టి నానోట్యూబుకు మొదటి పని ఒక మేరకు వచ్చు. మిగతా రెండు పనుల్లో అది వెనకబడి ఉంది.

పోల్చుకోవడం చూడండి. నైట్రోజన్ డయాక్సైడ్, అమ్మోనియా రెండూ ఒకే గాలిలో ఉంటే ఒకటి కరెంటును పెంచుతుంది, ఇంకొకటి తగ్గిస్తుంది. చివరికి వచ్చే అంకె ఏ వాయువుదో తెలియదు. వదలడం కూడా కష్టమే. పట్టుకున్న అణువులను మామూలు గదిలో గొట్టం నెమ్మదిగా మాత్రమే వదులుతుంది. త్వరగా వదలాలంటే బాగా వేడి చేయాలి. వదలని సెన్సార్ నిన్నటి లీకునే ఇవాళా చూపిస్తుంటుంది. ఇవాళ కొత్తగా లీకు వస్తే దాన్ని చూపలేదు. అంటే అదీ మన ముక్కులాగే అలవాటు పడిపోయిందన్నమాట.

పసుపు కాగితం చెప్పే పాఠం

దీనికి దొరికిన పరిష్కారం అర్థం కావాలంటే వంటింట్లోకి ఒకసారి వెళ్లి రావాలి. యూనిఫాం చొక్కా మీద కూర పడి పసుపు మరక అయితే, సబ్బు రుద్దగానే ఆ మరక ఎర్రబడుతుంది. బాగా నీళ్లు పోసి జాడిస్తే మళ్లీ పసుపు రంగుకు వస్తుంది. సబ్బు క్షారం. క్షారం పసుపులోని రంగు పదార్థం నుంచి ప్రోటాన్‌ను లాక్కుంటుంది, రంగు మారుతుంది. క్షారం పోగానే ప్రోటాన్ తిరిగి వస్తుంది, పాత రంగు వస్తుంది.

అమ్మోనియా కూడా క్షారమే. ల్యాబ్‌లో ఉపాధ్యాయుల సమక్షంలో నవాసాగరం, తడి సున్నం చిటికెడు చిటికెడు కలిపితే అమ్మోనియా వస్తుంది. నవాసాగరం అంటే పూర్వం ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవారు వాడే అమ్మోనియం క్లోరైడే. పరీక్షనాళిక మూతి దగ్గర తడిపిన పసుపు కాగితం పట్టుకుంటే అది ఎర్రబడుతుంది. గాలిలో కాసేపు ఆరనిస్తే ఎరుపు తగ్గి పసుపు తిరిగి వస్తుంది.

ఈ కాగితం మూడు పనులూ చేసింది. అమ్మోనియాను పట్టుకుంది. క్షారమని పోల్చుకుంది. తర్వాత వదిలేసింది. లోపం ఒక్కటే, అది అంకె చెప్పలేదు. పసుపు కాగితం లాంటి గుణం ఉన్న పదార్థాన్ని నానోట్యూబుకు తొడిగితే?

పాలిమర్ తొడుగు

చిన్న అణువులను పూసల్లా గుచ్చితే వచ్చే పొడవాటి గొలుసే పాలిమర్. మన ప్లాస్టిక్ సంచీ పాలిమరే, అందులో కరెంటు పారదు. కానీ కొన్ని పాలిమర్లలో కరెంటు పారుతుంది. వీటి మీద చేసిన కృషికి అలన్ హీగర్, అలన్ మెక్‌డయర్మిడ్, హిడెకి షిరకావాలకు 2000లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది.

అలాంటి పాలిమర్ల కుటుంబంలో పాలీఎనిలీన్ ఒకటి. ఆమ్లం కలిపి ప్రోటాన్లు ఎక్కించినప్పుడు అది ఆకుపచ్చగా ఉండి కరెంటును బాగా పారనిస్తుంది. క్షారం తగిలితే ప్రోటాన్లు పోయి నీలంగా మారుతుంది, కరెంటు దాదాపు ఆగిపోతుంది. పసుపు కాగితం కథే ఇక్కడా జరిగింది. రంగుతో పాటు ఈసారి కరెంటూ మారింది.

అమ్మోనియా వచ్చి పాలీఎనిలీన్ నుంచి ప్రోటాన్ తీసుకుని అమ్మోనియం అయానుగా మారుతుంది. నిరోధం పెరుగుతుంది. గాలి శుభ్రపడగానే అమ్మోనియా ప్రోటాన్‌ను తిరిగి ఇచ్చి వెళ్లిపోతుంది. నిరోధం మళ్లీ తగ్గుతుంది.

అలాంటప్పుడు నానోట్యూబు ఎందుకు, పాలీఎనిలీన్ ఒక్కటి చాలదా అన్న ప్రశ్న రావాలి. పాలిమర్ పొర ఒక్కటే ఉంటే రోజులు గడిచేకొద్దీ దాని నిరోధం తనంతట తానే మారిపోతూ ఉంటుంది, పొర కూడా అంత గట్టిగా ఉండదు. నానోట్యూబులు ఆ పొరకు చువ్వల్లా బలాన్నిస్తాయి, కరెంటుకు నమ్మకమైన దారి ఇస్తాయి, గాలి తగిలే ఉపరితలాన్ని పెంచుతాయి. పోల్చుకోవడం, వదలడం పాలిమర్ పని. కబురు మోయడం గొట్టం పని.

ఈ దారిలో జరిగిన రెండు ప్రయోగాలు చూద్దాం. 2003లో స్టాన్‌ఫర్డ్ బృందం నానోట్యూబుల మీద నేఫియాన్ అనే పాలిమర్‌ను పూసింది. అది నైట్రోజన్ డయాక్సైడ్‌ను అడ్డుకుని అమ్మోనియాను మాత్రం లోపలికి రానిచ్చింది. దోమతెర దోమను ఆపి గాలిని రానిచ్చినట్టు. అదే బృందం పాలీఇథిలీన్ఇమీన్ పూసి చూస్తే గొట్టం స్వభావమే ఎన్-రకానికి మారింది, నైట్రోజన్ డయాక్సైడ్‌ను చాలా తక్కువ మోతాదులో కూడా పసిగట్టింది. తొడుగు మారితే ముక్కు దేన్ని వాసన చూస్తుందో అదీ మారుతుందని దీనివల్ల తేలింది.

2004లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం రివర్‌సైడ్‌కు చెందిన రాబర్ట్ హాడన్ బృందం పాలీఎనిలీన్ కుటుంబానికే చెందిన ఒక పాలిమర్‌ను రసాయన బంధంతో నానోట్యూబులకు కలిపింది. ఒట్టి గొట్టాల కన్నా ఆ గొట్టాల నిరోధంలో మార్పు రెండు రెట్లకు పైగా వచ్చింది. 5 పిపిఎం అమ్మోనియాను కూడా అవి పసిగట్టాయి. అన్నిటికన్నా ముఖ్యం, అమ్మోనియా ఆపి నైట్రోజన్ పంపగానే వాటి నిరోధం త్వరగా మొదటి స్థితికి వచ్చింది. వదలడం వచ్చిందన్నమాట.

తయారీ, లెక్క

సెన్సార్ తయారీని సులువుగా చెప్పుకుందాం. చిన్న పలక మీద రెండు లోహపు దువ్వెనలను పళ్లు ఒకదాని మధ్య ఒకటి వచ్చేలా, కానీ తాకకుండా, అచ్చు వేస్తారు. ఇవే ఎలక్ట్రోడులు. పాలిమర్ తొడిగిన నానోట్యూబులను ద్రవంలో కలిపి ఆ పళ్ల మధ్య ఒక చుక్క వేసి ఆరబెడతారు. ఆరిన చుక్కలో గొట్టాలు పడి ఉన్న పుల్లల్లా ఒకదాన్నొకటి తాకుతూ రెండు దువ్వెనలనూ కలుపుతాయి. ఇక వాటి మధ్య నిరోధం కొలవడమే.

శుభ్రమైన గాలిలో నిరోధం 20 కిలో ఓములు ఉందనుకుందాం. అమ్మోనియా తగిలాక అది 21 కిలో ఓములు అయింది. పెరిగినది 1. దాన్ని మొదటి విలువ 20తో భాగించి 100తో గుణిస్తే 5 శాతం. దీన్నే సెన్సార్ స్పందన అంటారు. ముందుగా తెలిసిన మోతాదులు 5, 10, 25, 50 పిపిఎంలు పంపి ఒక్కోదానికి స్పందన ఎంతో గ్రాఫు గీసుకుంటారు. ఆ తర్వాత తెలియని గాలి వచ్చినప్పుడు స్పందనను బట్టి గ్రాఫులో పిపిఎం చదువుతారు.

ఇంకా తీరని చిక్కు

జైసల్మేర్‌లో చదివి కొచ్చికి బదిలీ అయిన విద్యార్థికి ఈ చిక్కు వెంటనే అర్థమవుతుంది. ఎడారి గాలిలో ఉతికిన బట్టలు గంటలో ఆరుతాయి. వానాకాలపు కొచ్చిలో రెండు రోజులైనా తడి పోదు. గాలిలోని నీటి ఆవిరి పాలిమర్‌లోకి చేరి ప్రోటాన్ల కదలికను మారుస్తుంది. అమ్మోనియా లేకపోయినా నిరోధం మారుతుంది. జైసల్మేర్‌లో గీసిన గ్రాఫు కొచ్చిలో తప్పు చెబుతుంది. ఉష్ణోగ్రతతోనూ ఇదే ఇబ్బంది. అమ్మోనియాకు దగ్గరి చుట్టాలైన ఎమీన్లు కూడా ప్రోటాన్లను లాక్కోగలవు. చేపలు చెడినప్పుడు వచ్చే వాసనలో ఉండేవి అవే.

అందుకే సెన్సార్ పక్కనే తేమను, ఉష్ణోగ్రతను కొలిచే చిన్న పరికరాలు పెట్టి లెక్కను సరిదిద్దుతారు. వేరువేరు పాలిమర్లు తొడిగిన నానోట్యూబులను వరసగా అమర్చి, వాటన్నిటి స్పందనలను కలిపి చూసి ఏ వాయువో తేల్చే పద్ధతి కూడా ఉంది. దాన్ని ఎలక్ట్రానిక్ ముక్కు అంటారు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారి ఊపిరిలో అమ్మోనియా పెరుగుతుంది కాబట్టి, ఊపిరి పరీక్షకు ఇలాంటి సెన్సార్లను వాడే దిశగానూ పరిశోధనలు సాగుతున్నాయి.

చివరగా ఒక మాట. సెన్సార్ మోగడం సగం పనే. అమ్మోనియా ఘాటు తగిలినా, సైరన్ వినిపించినా లీకు ఎక్కడో చూద్దామని వెళ్లకూడదు. గాలి ఎటు నుంచి వీస్తోందో చూసుకుని, లీకుకు దూరంగా, గాలికి అడ్డంగా గానీ ఎదురుగా గానీ వెళ్లాలి. ముక్కుకు, నోటికి తడి గుడ్డ అడ్డం పెట్టుకోవాలి. అమ్మోనియా నీటిలో కరుగుతుందని చదివాం కదా, తడి గుడ్డ ఎందుకో ఇప్పుడు మీరే చెప్పగలరు. వెంటనే పెద్దలకు చెప్పాలి. ఎక్కువ కాలంగా ఆ ఊళ్లో ఉన్నవారు "ఇక్కడ ఈ వాసన మామూలే" అన్నా సరే, చెప్పాలి. కొత్తగా వచ్చిన మన ముక్కు ఇంకా అలవాటు పడలేదు.

ఆలోచించండి

1. అమ్మోనియా తగిలితే పి-రకం నానోట్యూబు నిరోధం పెరుగుతుంది. ఎన్-రకం నానోట్యూబుకు తగిలితే ఏమవుతుంది? ఎందుకు?
2. ఒక సెన్సార్ నిరోధం 40 కిలో ఓముల నుంచి 43 కిలో ఓములకు పెరిగింది. స్పందన ఎంత శాతం?
3. పసుపు కాగితానికీ పాలీఎనిలీన్‌కూ ఉన్న పోలికలు రెండు, తేడా ఒకటి రాయండి.
4. మీరు ఇంతవరకు ఉన్న ఊళ్లలో ఏ ఊళ్లో ఈ సెన్సార్ తేలికగా పనిచేస్తుంది? ఏ ఊళ్లో ఇబ్బంది పడుతుంది? కారణం చెప్పండి.

పదాలు తెలుసుకుందాం

అర్ధవాహకం: సెమీకండక్టర్
నిరోధం: రెసిస్టెన్స్
వాహకత: కండక్టెన్స్
ఒంటరి జంట: లోన్ పెయిర్
క్షారం: బేస్
స్పందన: రెస్పాన్స్